దిండు పక్కన ట్యాబ్

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

నిద్ర కోసం ట్యాబ్లెట్ వేసుకోవడం పాత సంగతి, ట్యాబ్లెట్ వల్ల నిద్ర పట్టకపోవడం కొత్తది. ఈసారి అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నలన్నీ మంచం మీదికి చేరిన ఆ ట్యాబ్ గురించే.

ప్రశ్న: మా వాడు పదో తరగతి. ఎనిమిదిలో ఉన్నప్పుడు బడిలో ఇచ్చిన ట్యాబ్ ఉంది. పాఠాలు చూస్తున్నానని చెప్పి దుప్పటి కప్పుకొని పన్నెండున్నర దాకా దాంతోనే పండుకుంటాడు. పొద్దున ఏడుకు లేపినా లేవడు. క్లాసులో తూగుతున్నాడని సారు ఫోన్ చేసినారు. లాక్కుంటే చదువు పాడవుతుందేమోనని భయం. ఏం చేయాల?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: లాక్కోవద్దమ్మా. అది ఉండే చోటు మార్చండి. 2022, 2023 డిసెంబర్లలో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు పాఠాలు అందులోనే వేసి ఇచ్చారు. వాటికి నెట్ అక్కర్లేదు. కాబట్టి రాత్రి ఎనిమిదిన్నరకు మీ ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆపేసి చూడండి. నిజంగా పాఠమే చూస్తుంటే వాడికి తేడా తెలియదు. పది నిమిషాల్లో “అమ్మా, నెట్ రాలా” అని కేక వినబడితే సంగతి మీకే తెలిసిపోతుంది.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పన్నెండున్నర నుంచి ఏడు దాకా అంటే ఆరున్నర గంటలే. రోజుకు గంటన్నర చొప్పున ఆరు రోజులకు 9 గంటల అప్పు, అంటే వారంలో ఒక రాత్రి నిద్ర మొత్తం ఎగిరిపోయినట్టే. క్లాసులో తూగక ఏం చేస్తాడు! పగలు చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే కాబట్టి, చదువు కోసం నిద్ర మానుకోవడం కుండకు చిల్లు పెట్టి నీళ్ళు మోసినట్టు ఉంటుంది.

అయితే ఈ రాత్రి నుంచే పదింటికి పండుకోమంటే కుదరదు. ఈ వయసులో ఒంట్లోని గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది. “నిద్ర రాలేదు” అంటే వాడు అబద్ధం చెప్పడం లేదు. పడుకునే వేళ కంటే ముందు లేచే వేళ బిగించండి. ఆదివారంతో సహా రోజూ ఆరున్నరకే లేపి, అర గంట ఎండ తగిలేట్టు మిద్దె మీదనో వీధిలోనో ఉండనివ్వండి. పడుకునే వేళను రెండు రోజులకు ఒకసారి 15 నిమిషాలు ముందుకు జరపండి. పన్నెండున్నర నుంచి పదికి రావాలంటే 150 నిమిషాలు, అంటే పది మెట్లు, సుమారు ఇరవై రోజులు.

సాయంత్రం వరుస ఇలా ఉండనివ్వండి: ఎనిమిదికి అన్నం, ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర వరకు బల్ల దగ్గర కూర్చొని, ట్యూబ్‌లైటు వేసుకొని ట్యాబ్‌లో పాఠం. ఆ తర్వాత అర గంట నోట్సు, లెక్కలు, కాగితం మీద చేసే పనులు. తొమ్మిదిన్నరకు ట్యాబ్ వంటింటి గూట్లో ఛార్జింగ్‌కు పోవాలి. మీ ఫోన్ కూడా అదే గూట్లో పెట్టండి, లేకపోతే మూడో రోజే “నీకో న్యాయం, నాకో న్యాయమా” అంటాడు.

ఎక్కువ ఇళ్ళలో ఇది చెడేది రెండు చోట్ల. బడి నుంచి రాగానే రెండు గంటలు పండుకుంటే రాత్రి నిద్ర రాదు; కునుకు తీస్తే ఐదు లోపల, ఇరవై నిమిషాలే. రెండోది ఆదివారం తొమ్మిదికి లేవడం. వారమంతా జరిపిన గడియారం ఆ ఒక్క పొద్దుతో మళ్ళీ వెనక్కి పోతుంది.

ప్రశ్న: మా ఆయన కువైట్‌లో ఉన్నారు. డ్యూటీ దిగి, వండుకొని తిని వీడియో కాల్ చేసేసరికి ఇక్కడ పదకొండు. ఆరేళ్ళ పాప నాయన కోసం ట్యాబ్ పట్టుకొని మంచంలో కాచుకొని ఉంటుంది. మాట్లాడినాక పన్నెండు దాకా కన్ను మూయదు. పొద్దున ఆరున్నరకు లేపాల. కాల్ వద్దంటే ఆయన బాధపడతారు, పాప ఏడుస్తుంది.
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: కాల్ మానొద్దు, వేళ మార్చుకోండి. మన గడియారం కువైట్ కంటే రెండున్నర గంటలు ముందుంటుంది. మీకు పదకొండైతే ఆయనకు ఎనిమిదిన్నర, అక్కడ అది పొద్దు పోయిన వేళే కాదు. ఆ తేడా మోస్తున్నది పాప ఒక్కతే.

ఆరేళ్ళ పిల్లకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఆరున్నరకు లేవాలంటే ఎంత ఆలస్యమైనా తొమ్మిదిన్నరకు నిద్రలో ఉండాలి. పాప పన్నెండు దాకా మేలుకోవడానికి తెర వెలుతురు కంటే కాచుకోవడమే పెద్ద కారణం. ఎప్పుడు మోగుతుందో తెలియని ఫోన్ కోసం ఎదురుచూసే పిల్లకు నిద్ర ఎట్లా వస్తుంది? కాల్ అయిపోయాక నాయన కనబడకుండా పోయిన దిగులు మరో అర గంట. అది చీకట్లో, మంచంలో పడితే ఇంకా బరువు.

ఆయన డ్యూటీ అక్కడ ఆరింటికి దిగితే, వంటకు ముందే 15 నిమిషాలు చేయమనండి. మీకు ఎనిమిదిన్నర. పాప హాల్లో లైటు కింద అన్నం తింటూ మాట్లాడుతుంది. అక్కడ ఏడు అయితే గానీ దిగని డ్యూటీ అయితే రాత్రి కాల్ వదిలేసి పొద్దున పెట్టుకోండి: మీకు ఏడున్నర, ఆయనకు ఐదు. డ్యూటీకి లేచే వేళ, ఇక్కడ జడలు వేసే వేళ. పది నిమిషాలు చాలు. శుక్రవారం అక్కడ సెలవు గనుక పాప బడి నుంచి వచ్చాక ఐదింటికి, ఆయనకు రెండున్నరకు, తీరిగ్గా గంటసేపు మాట్లాడొచ్చు. రంజాన్ నెలలో అక్కడ పని గంటలు మారతాయి, ఆ నెలకు వేళలు మళ్ళీ చూసుకోండి.

రాత్రి నాయన గొంతు లేకుండా నిద్రపోనంటే దానికీ దారి ఉంది. మూడు నాలుగు నిమిషాల కథో, ఆ రోజు కబురో వాట్సాప్‌లో వాయిస్ పెట్టమనండి. తొమ్మిదికి లైటు ఆపి, ఫోన్ బోర్లించి పెట్టి వినిపించండి. బొమ్మ ఉండదు, గొంతు ఉంటుంది. పాప జవాబు కూడా వాయిస్‌లోనే పంపుతుంది, ఆయన వంట చేసుకుంటూ వింటారు. వీడియో కాల్ ముగించేటప్పుడు రోజూ ఒకే మాటతో ముగించండి, ఎర్ర బటన్ పాపతోనే నొక్కించండి. తనే ముగించిన కాల్‌కు పిల్లలు తక్కువ ఏడుస్తారు.

పదకొండు గంటల కాల్ మీ ఇద్దరిదిగా ఉంచుకోండి. పాప నిద్రపోయాక, హాల్లో కూర్చొని. ఫీజుల లెక్కలు, అత్తమామల మందులు మాత్రమే కాక మీ మాటలకూ ఒక చోటు కావాలి కదా.

ప్రశ్న: రాత్రి మంచంలో ట్యాబ్‌లో వార్తలు, వీడియోలు చూస్తాను. నైట్ మోడ్ పెట్టుకున్నాను, తెర పసుపుగా మారుతుంది. నీలి వెలుగును ఆపే బ్లూ కట్ అద్దాలూ కొన్నాను. అయినా ఒంటిగంట దాకా నిద్ర రాదు. ఇంకా మంచి ఫిల్టర్ ఏదైనా ఉందా?
– 41 ఏళ్ళ పాఠకుడు, కర్నూలు

జవాబు: ఉన్నా మీకు పనిచేయదు. కంటి వెనక పొరలో మెలనాప్సిన్ అనే, వెలుతురును పసిగట్టే పదార్థం ఉన్న కణాలు కొన్ని ఉంటాయి. వాటి పని బొమ్మను చూడటం కాదు, వెలుతురు ఉందా లేదా అన్న కబురు మెదడులోని గడియారానికి చేరవేయడం. 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుగుకు అవి బాగా స్పందిస్తాయి. ‘ఇంకా పగలే’ అన్న కబురు అందితే, రాత్రయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ అనే హార్మోను విడుదల వాయిదా పడుతుంది. కళ్ళద్దాల అంగడిలో చెప్పేది ఇంతవరకే, ఇంతవరకు నిజమే.

మిగతా లెక్క కూడా చూడండి. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి పరిశోధకులు 2014 చివర ప్రచురించిన ప్రయోగంలో 12 మంది ఐదు రాత్రులు, రాత్రికి నాలుగు గంటలు, పూర్తి వెలుగు పెట్టుకొని ఐప్యాడ్‌లో పుస్తకం చదివారు. మరో ఐదు రాత్రులు కాగితపు పుస్తకం చదివారు. ఐప్యాడ్ రాత్రుల్లో మెలటోనిన్ సగానికి పైగా తగ్గింది, గంటన్నర ఆలస్యంగా మొదలైంది. కానీ నిద్ర పట్టడానికి అదనంగా పట్టింది సుమారు 10 నిమిషాలే. మీరు పోగొట్టుకుంటున్నది రెండు మూడు గంటలు. అందులో నీలి వెలుగు వాటా ఏపాటిదో మీరే చూసుకోండి.

అమెరికాలోనే బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2021లో ఐఫోన్‌లో తెరను పసుపుగా మార్చే ‘నైట్ షిఫ్ట్’ సెట్టింగ్ పెట్టుకున్నవాళ్ళను, పెట్టుకోనివాళ్ళను పోల్చి చూస్తే నిద్రలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2023లో వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 17 పరీక్షలను కలిపి చూసినప్పుడు బ్లూ కట్ అద్దాలతో కంటి అలసట కూడా తగ్గేట్టు లేదని తేలింది. అద్దాలు పెట్టుకున్నామన్న ధైర్యంతో ఇంకో గంట చూడటమే జరిగే నష్టం.

మిమ్మల్ని మేలుకొలుపుతున్నది చూసే విషయం, దానికి అంతు లేకపోవడం. కాగితం మీద పేజీ అయిపోతుంది. ట్యాబ్‌లో వేలు జరిపినంత కాలం కొత్తది వస్తూనే ఉంటుంది, ఆగమని చెప్పేది ఏదీ ఉండదు. పైగా ఏళ్ళ తరబడి మంచంలోనే చూస్తే, మంచం ఎక్కడమే మెదడుకు మేలుకోమని చెప్పినట్టవుతుంది. కుర్చీలో తూగినవాళ్ళు మంచం ఎక్కగానే కళ్ళు విప్పడం దీనివల్లే.

చేయాల్సింది: మంచం నిద్రకే. ట్యాబ్ చూడాలంటే కుర్చీలో, పది లోపల. పండుకున్నాక ఇరవై నిమిషాల్లో నిద్ర రాలేదనిపిస్తే (గడియారం చూడకండి, అంచనా చాలు) లేచి, చిన్న బల్బు కింద పాత వారపత్రికలాంటి చప్పటిదేదో చదవండి. కళ్ళు మూతలు పడితేనే మళ్ళీ మంచం. ఎన్నిసార్లైనా సరే. మొదటి మూడు నాలుగు రాత్రులు ఇప్పటికంటే అధ్వానంగా ఉంటాయి, అక్కడే చాలామంది వదిలేస్తారు. మూడు వారాలు పట్టు విడవకండి. లేచే వేళ మారకూడదు, మధ్యాహ్నం మూడు తర్వాత కాఫీ, టీ వద్దు. పగటి వెలుగు కూడా కావాలి: స్వీడన్‌లోని ఉప్సాలాలో 2016లో జరిగిన ప్రయోగంలో, పగలు ఆరున్నర గంటలు మంచి వెలుతురులో గడిపినవాళ్ళకు రాత్రి రెండు గంటలు ట్యాబ్ చదివినా మెలటోనిన్‌లో తేడా రాలేదు. పొద్దంతా షట్టర్ వెనక, గుడ్డి వెలుతురులో పనిచేసేవాళ్ళకే రాత్రి తెర ఎక్కువ తగులుతుంది.

వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలుగా ఇదే బాధైతే, లేదా గట్టి గురకతో పాటు పగలు ముంచుకొచ్చే నిద్ర ఉంటే, ట్యాబ్‌ను నిందిస్తూ కూర్చోకుండా డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: మా ఆయన రోజూ పక్కలోనే సిరీస్‌లు చూస్తాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ముఖం మీద వెలుతురు. నేను నాలుగున్నరకు కొళాయి నీళ్ళకు లేయాల. అటు తిరిగి పండుకున్నా నిద్ర పట్టదు. ఏదైనా అంటే “నీకేం చప్పుడు వస్తాంది?” అంటాడు. మేం మాట్లాడుకొని ఎన్ని దినాలైందో.
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: చప్పుడు ఒక్కటే అడ్డం కాదు. మూసిన రెప్పల గుండా కూడా వెలుతురు దూరుతుంది, అందులోనూ దృశ్యం మారినప్పుడల్లా ఎక్కువా తక్కువా అయ్యే వెలుతురు. మీ కోపం మరో పాలు. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పది దాకా ఆ కాస్త సేపే చాలా ఇళ్ళలో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునే వేళ. చీటీ కట్టామా, పిల్లోడికి జ్వరం తగ్గిందా అన్నవన్నీ అప్పుడే తేలతాయి. ట్యాబ్ కాజేసింది ఆ అర గంటనే.

ఈ మాట రాత్రి పదకొండుకు, ఆయన చేతిలో ట్యాబ్ ఉండగా ఎత్తొద్దు. ఆదివారం టిఫిన్ వేళ ఎత్తండి. “ఎప్పుడూ దాంట్లోనే” అనకుండా “నాకు నాలుగున్నరకు లేవాల, పదికి గదిలో చీకటి కావాల” అని అడగండి. చూడొద్దని కాదు, హాల్లో చూడమని.

ఆయనకు ఒక కిటుకు చెప్పండి. సిరీస్‌లో ప్రతి భాగం చివర ముడి వేసి వదులుతారు, అందుకే భాగం అయ్యేదాకా చూస్తే ఆగలేం. కొత్త భాగం మొదలైన పది పదిహేను నిమిషాల్లో ఆపితే ముడి విప్పేసి ఉంటుంది, కొత్త ముడి ఇంకా పడదు. ఆ నడిమి చోటే ఆపడం తేలిక. నెట్‌ఫ్లిక్స్ ప్రొఫైల్‌లో ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌కు పోయి తర్వాతి భాగం దానంతటదే మొదలవ్వకుండా టిక్కు తీసేయండి. యూట్యూబ్‌లోనూ ఆటోప్లే ఆపొచ్చు, పడుకునే వేళ గుర్తుచేయమని పెట్టొచ్చు.

మొదట వారానికి మూడు రాత్రులకే ఒప్పందం చేసుకోండి. మీ వంతు కూడా ఉంది: నాలుగున్నర అలారం కోసమని మీ ఫోన్ దిండు కింద ఉంటే ఆయనకు మాట దొరుకుతుంది. రెండు మూడు వందలు పెట్టి ఒక అలారం గడియారం కొనుక్కోండి.

ప్రశ్న: మా మనవరాలికి రెండున్నర ఏళ్ళు. ట్యాబ్‌లో రైమ్స్ పెడితేనే నిద్రపోతుంది. ఒంటిగంటకు, మూడుకు లేచి మళ్ళీ అదే కావాలని ఏడుస్తుంది. కోడలికి నిద్రే లేదు.
– ఒక అవ్వ, ఆదోని

జవాబు: రాత్రిలో నాలుగైదు సార్లు కాస్త మెలకువ రావడం అందరికీ ఉన్నదే. మనం దిండు సర్దుకొని పండుకుంటాం. ఏ తోడుతో నిద్రలోకి జారిందో, పసిబిడ్డ మెలకువ వచ్చినప్పుడు ఆ తోడునే వెతుకుతుంది. మీ పాపకు అది రైమ్స్. పడుకునేటప్పుడు తీసేస్తేనే నడిరాత్రి ఏడుపు పోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాని ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజు మొత్తం మీద గంటకు మించి తెర వద్దు. ఆ గంటను సాయంత్రం ఆరులోపు వాడేయండి. తర్వాత రోజూ ఒకే వరుస: అన్నం, గోరువెచ్చని స్నానం, చిన్న బల్బు, మీ లాలిపాట. రైమ్స్‌లో ఉన్న పాటే మీ గొంతుతో పాడినా సరే. రాత్రి లేస్తే లైటు వేయకుండా, ఎత్తుకోకుండా వీపు నిమురుతూ ఒకే మాట చెప్పండి.

రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రి దాకా ఏడుపు పెరుగుతుంది. గంట ఏడ్చాక ఓర్చుకోలేక ట్యాబ్ ఇస్తే, గంట ఏడిస్తే వస్తుందని నేర్చుకుంటుంది. అంతకంటే మొదటి నిమిషంలోనే ఇచ్చేయడం నయం. ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉంటే వారం నుంచి రెండు వారాల్లో సర్దుకుంటుంది. ఇట్లాంటప్పుడు సాధారణంగా లొంగేది తాతలు, ముందుగా ఆయనతో మాట్లాడండి.

ప్రశ్న: రాత్రి పక్కకు పండుకొని ట్యాబ్ చూస్తే చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతున్నాయి. గుండెకు సంబంధించిందా?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: మీరు చెప్పే తీరు చూస్తే మోచేతి లోపలి వైపు పోయే అల్నార్ నరం నలిగినట్టుంది. పది అంగుళాల ట్యాబ్ అర కిలో దాకా బరువుంటుంది. దాన్ని పట్టుకొని మోచెయ్యి బాగా ముడిచి, దాని మీదే ఒరిగితే ఆ నరం సాగి నలుగుతుంది. రెండు వారాలు మానేసి చూడండి. తగ్గకపోయినా, పట్టు తప్పుతున్నా డాక్టరుకు చూపించండి. ఛాతీలో నొప్పి, బిగింపు, ఆయాసం, చెమటలు తోడైతే మాత్రం క్షణం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

ప్రశ్న: మాది బండల మిద్దె. ఎండాకాలం పన్నెండు దాకా ఇల్లు కుతకుతమంటుంది. మిద్దె మీద దోమతెర కట్టుకొని, నిద్ర వచ్చేదాకా ట్యాబ్ చూస్తాం. వైరు పైకి లాగి దిండు కింద ఛార్జింగ్ పెడతాం. ఏమన్నా అవుతుందా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: దిండు కింద ఛార్జింగ్ ఈ రాత్రి నుంచే మానేయండి. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. ఐప్యాడ్‌నైతే 35 డిగ్రీల లోపు వాడమని తయారీదారే చెప్తాడు. మే నెలలో మీ దగ్గర తొమ్మిది గంటలకు కూడా గాలి వేడిగానే ఉంటుంది. దానికి ఛార్జింగ్ వేడి తోడై, దూది దిండు ఆ వేడిని బయటికి పోనివ్వకపోతే బ్యాటరీ ఉబ్బుతుంది. తెర ఒక మూల పైకి లేచినట్టున్నా, వెనక రేకు ఉబ్బినా, ఘాటైన వాసన వచ్చినా నొక్కి సర్దకండి, గుచ్చకండి. ఆపేసి, బట్టలకు దూరంగా బండ మీద పెట్టి, పొద్దున రిపేరు అంగడికి తీసుకుపోండి. ఛార్జింగ్ సాయంత్రం కింద హాల్లో, కవర్ తీసి, నీడన ఉన్న నాపబండ మీద పెట్టండి. ఆ బండ వేడిని బాగా లాగేస్తుంది.

ఇక నిద్ర సంగతి. మీకు ముందు అడ్డం వస్తున్నది ఎండ. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త తగ్గాలి, పగలంతా ఎండ తాగిన బండలు రాత్రి దాన్ని బయటికి వదులుతుంటే అది తగ్గదు. పొద్దు గుంకగానే మిద్దె మీద నీళ్ళు చల్లి రెండు గంటలు ఆరనివ్వండి. తొమ్మిదికి చల్లితే ఆవిరి మీకే తగులుతుంది. పరుపు వద్దు, కింద నుంచి గాలి ఆడే నులక మంచం మేలు. తడి తువ్వాలుతో చేతులు, పాదాలు తుడుచుకొని పండుకోండి.

దోమతెరలో ట్యాబ్ వెలిగిస్తే చుట్టుపక్కల పురుగులన్నీ దోమతెర మీదికి చేరతాయి. వెలుతురును లక్సుల్లో కొలిస్తే నిండు పున్నమి వెన్నెల సుమారు 0.3 లక్సుకు మించదు, మూరెడు దూరంలో పూర్తి వెలుగుతో ఉన్న ట్యాబ్ కంటికి పదుల లక్సులు పంపుతుంది. చూడాలనుకున్నది కిందే చూసి, మిద్దె ఎక్కేటప్పుడు దాన్ని హాల్లోనే వదిలేసి రండి.